బంగాళాఖాతం ఊరకున్న ఏడు



తుఫాను అనగానే మనకు ఉప్పెన గుర్తుకు వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన సముద్రాన్ని ఎవరు మరువగలరు? ఒక్క పూటలో వేలాది ప్రాణాలు పోయినవి. అందుచేత సముద్రం శాంతంగా ఉన్న ఏడు మంచి ఏడు అనుకోవడం సహజం. తీరాన వల వేసుకొని బతికేవారికి ఆ మాట నిజమే. కాని సికింద్రాబాదు చుట్టుపట్ల, బొల్లారం, మేడ్చల్, శామీర్‌పేట వైపు చెలకలు దున్నుకునేవారికి అది సగం నిజం మాత్రమే. సముద్రం మరీ ఊరకుంటే ఇక్కడి చెరువు ఎండుతుంది. ఇందుకు తార్కాణం 2002వ సంవత్సరం.

సముద్రానికీ మన చెలకకూ ఏమి సంబంధం? అని ఎవరైనా అడగవచ్చు. సికింద్రాబాదుకు సముద్రం రమారమి మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఇక్కడ సాలుకు కురిసే వాన ఇంచుమించు 80 సెంటీమీటర్లు. అందులో దాదాపు ముప్పాతిక భాగం జూన్ మొదలు సెప్టెంబరు దాకా, నైరుతి ఋతుపవనాల వల్ల వచ్చేదే. ఆ ఋతుపవనాలకు మధ్య మధ్య ఊపునిచ్చేది బంగాళాఖాతం. ఉత్తర బంగాళాఖాతంలో ముందు అల్పపీడనం పుడుతుంది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే దాన్ని వాయుగుండం అంటారు. 62 దాటితే తుఫాను. వానకాలంలో వాయుగుండం తుఫానుగా ముదరడం తక్కువ. ఒడిశా తీరం దాటి, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌ల మీదుగా పడమరకు సాగిపోతుంది. దానికి నైరుతి దిక్కున వాన జోరుగా పడుతుంది. తెలంగాణలో ముసురు పట్టి చెరువులు అలుగు పారే రోజులు చాలావరకు అవే.

పూర్వపు లెక్కల ప్రకారం వానకాలం నాలుగు నెలల్లో సగటున ఆరేడు వాయుగుండాలు వచ్చేవి. ఇటీవలి దశాబ్దాల్లో అవి తగ్గుతున్నవి. 2002లో అయితే జూన్ నుండి సెప్టెంబరు వరకు ఒక్క వాయుగుండమైనా ఏర్పడలేదు.

ఆ ఏడు జూన్‌లో వాన దేశం మొత్తం మీద మామూలుగానే కురిసింది. తొలకరి చూసి రైతులు విత్తనాలు వేశారు. అసలు దెబ్బ జూలైలో తగిలింది. ఆరుద్ర చివర, పునర్వసు, పుష్యమి కార్తెలు, అంటే నాట్లకూ పునాస పంటల ఎదుగుదలకూ ప్రాణమైన రోజులు, పొడిగా గడిచిపోయినవి. ఆ నెలలో దేశంలో కురవవలసిన వానలో సుమారు సగమే కురిసింది. మొగులు పట్టేది, గాలి వీచేది, చినుకు మాత్రం రాలేదు. ఆగస్టులో అల్పపీడనాలు కొంత ఆదుకున్నవి గాని, అప్పటికే మొలక మాడిన చెలకలో ఆ వాన ఏం చేస్తుంది? ఋతువు ముగిసేసరికి దేశం మీద లోటు 19 శాతం. 1987 తరువాత అంతటి కరువు అదే. 2001-02లో సుమారు 21 కోట్ల 30 లక్షల టన్నులున్న ఆహారధాన్యాల దిగుబడి మరుసటి ఏడు పదిహేడున్నర కోట్ల టన్నులకు పడిపోయినది. కృష్ణలో నీరు తగ్గి నాగార్జునసాగర్ ఆయకట్టు రైతులు సైతం కటకటపడ్డారు. కాలువ కింది వారి గతే అట్లయితే చెలక రైతు సంగతి చెప్పనేల?

మరి ముందుగా తెలియలేదా? ఆ వేసవిలో వాతావరణ శాఖ, వాన మామూలుగా, 101 శాతం ఉంటుందని అంచనా వేసింది. ఆ అంచనా తప్పినది. పసిఫిక్ మహాసముద్రంలో నీరు వేడెక్కే ఎల్ నినో ఆ ఏడు తలెత్తినది. మరుసటి సంవత్సరమే, 2003లో, ఆ శాఖ తన అంచనా పద్ధతిని మార్చుకొన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వాయుగుండాల లెక్క ఒక్కటే చూసి కరువని నిర్ణయించరాదు. 2010లో కూడా వానకాలంలో వాయుగుండం రాలేదు. అయినా అల్పపీడనాలు వెంట వెంట వచ్చి మామూలు వాన కురిపించినవి. కనుక సముద్రం ఊరకుంటే భయపడమని కాదు, మేలుకొని ఉండమని చెప్పడం.

రెండవ వైపు కూడా చూడండి. 2000 ఆగస్టులో బంగాళాఖాతం నుండి వచ్చిన ఒక వాయుగుండం వల్ల బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి జంటనగరాలు మునిగినవి. రెండేళ్లు తిరగకుండానే కరువు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. దాని దరిమిలా మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు లేచినవి. వరదకు తేదీ ఉంటుంది, అందుకే జ్ఞాపకం ఉంటుంది, ఆనకట్ట లేస్తుంది. రాని వానకు తేదీ ఏది? అది రోజుకొక చొప్పున రాకుండా పోతుంది. అందుకే త్వరగా మరచిపోతాము. ఆ మరపే మనకు చేటు.

2002 నేర్పిన పాఠాలు నాలుగు మాటల్లో చెప్పుకుందాం. మొదటిది, తొలి చినుకుకు తొందరపడి విత్తవద్దు. తేలిక నేలల్లో 50 నుండి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల బాగా తడిసిన తరువాతనే గొర్రు కట్టండి. రెండవది, చెలకంతా ఒకే పంట వేయకండి. జొన్నలో, పత్తిలో కంది సాళ్లు వేసుకుంటే ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. మూడవది, జూలై ఎండగొట్టి విత్తనం పోయినా చేను బీడు పెట్టకండి. జూలై నెలాఖరు దాకా ఆముదం, ఆగస్టులో ఉలవ వేసుకోవచ్చు. ఆ విత్తనం ముందే ఇంట్లో ఉండాలి. నాలుగవది, వాన వచ్చిన ఏడే రాని ఏటికి నీరు దాచాలి. 2015లో మిషన్ కాకతీయ పేరిట చెరువుల పూడిక తీయడం మొదలైనది. తీసిన పూడిక మళ్లీ పేరుకోకుండా, కట్టా తూమూ చెడకుండా చూసుకోవలసింది ఊరివారే.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. తుఫాను వస్తున్నదని చెప్పడం ఒక్కటే హెచ్చరిక కాదు. జూలైలో పది దినాలు వరుసగా వాన జాడ లేకపోతే అదీ హెచ్చరికే. ఆ కబురు ఉలవ విత్తనంతో సహా సమయానికి రైతు గడపకు చేర్చండి.