వెండి రూపాయి: అంచు గాట్లు, అరుగుదల

పాత వెండి నాణేల అంచు చుట్టూ ఒత్తుగా కనిపించే సన్నని గాట్లు దొంగతనానికి విరుగుడుగా వచ్చాయి. సుత్తితో కొట్టిన నాణెం ఎటూ సరిగా గుండ్రంగా ఉండదు కాబట్టి, అంచు కొద్దిగా కత్తిరించి వెండి దాచుకున్నా బయటపడేది కాదు. ఇంగ్లండులో ఈ నేరానికి మరణశిక్ష ఉన్నా కత్తిరింపు ఆగలేదు. 1662 నుంచి లండన్ టంకసాల యంత్రంతో నాణేలు చేస్తూ, పెద్ద వాటి అంచుకు లాటిన్ అక్షరాలు, చిన్న వాటికి గాట్లు పెట్టింది. జనం కొత్తవి దాచుకుని పాతవే ఖర్చుపెట్టారు. చివరికి 1696లో పాత నాణేలన్నీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

మొగలు రూపాయికి అంచు నున్నగానే ఉండేది. ఇక్కడ తగువంతా వట్టం (మారకంలో కోత) దగ్గర. కొత్త సిక్కాకు పూర్తి విలువ ఇచ్చే షరాబు, ఏడాది తిరిగేసరికి అరిగిందన్న మిషతో కొంత కోసేవాడు. నాణెం నిజంగా అరిగిందా లేదా అన్నది అతనికి అనవసరం; దాని మీది పాలనా సంవత్సరమే చూసేవాడు. ఈ ఆట కట్టించడానికి ఈస్టిండియా కంపెనీ 1793లో బెంగాల్ రూపాయల మీద మొగలు చక్రవర్తి షా ఆలం 19వ పాలనా సంవత్సరాన్నే స్థిరపరిచింది. తర్వాత ఎన్నేళ్ళకు కొట్టినా అంకె 19. మొదట్లో వీటి అంచుకు వాలు గాట్లు, 1818 ప్రాంతం నుంచి నిలువు గాట్లు వేశారు. 1830ల్లో అంచు నున్నగా వదిలేశారు. అందుకే ఈ రూపాయి కాలం తేల్చాలంటే ముఖం కంటే అంచే నమ్మదగిన ఆధారం. మద్రాసులో 1807 తర్వాత యంత్రంపై కొట్టిన ఆర్కాటు రూపాయిదీ అదే తంతు: 1759లోనే చనిపోయిన మొగలు చక్రవర్తి రెండో ఆలంగీర్ పేరుతో, ఆయన ఆరో పాలనా సంవత్సరంతో వచ్చేది.

1835లో కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది: 180 గ్రెయిన్ల (11.66 గ్రాముల) బరువు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. తులం బరువూ ఇంతే. తెలుగు ఇళ్ళల్లో ‘రూపాయి ఎత్తు’ అని బంగారం కొలిచింది ఇందుకే. అరిగిన రూపాయిని రాయిగా వేస్తే కొనేవాడికి బంగారం తగ్గుతుంది.

గాట్లు పడే పద్ధతీ మారింది. తొలి యంత్రాల్లో బిళ్ళను రెండు ఉక్కు పట్టీల మధ్య దొర్లించి, ఆ తర్వాతే బొమ్మ కొట్టేవారు. తర్వాతి కాలంలో బిళ్ళను గాట్లున్న ఉక్కు కడియంలో ఉంచి ఒక్క దెబ్బ కొడితే వెండి పక్కలకు పారి ఆ గాట్లలోకి దిగేది.

చేతులు మారి అరిగిన విక్టోరియా రూపాయిలో రాణి జుట్టు, చెంప ముందు చదునవుతాయి. గాట్ల కొసలు చుట్టూ ఒకేలా మొద్దుబారతాయి. ముఖం పదునుగా ఉండి అంచు ఒకవైపే నున్నగా ఉంటే ఆకురాయి పడినట్టే. హారానికి గుచ్చిన నాణేనికి తల పైభాగాన టంకం మచ్చ, దాని కింద పూడిపోయిన గాట్లు కనిపిస్తాయి. తెలంగాణ లంబాడీ హారాల్లో ఇలాంటి నాణేలు చూడవచ్చు. నాణేలను సంచిలో వేసి కుదిపి వెండి పొడి రాల్చే మోసానికి మాత్రం గాట్లు అడ్డుకాలేదు.

1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గింది. దొంగ నాణేల బెడదకు గాట్ల నడుమ మరో గాడి తవ్వి ‘సెక్యూరిటీ ఎడ్జ్’ పెట్టారు. 1947లో నికెల్ రూపాయి వచ్చేసరికి గీకి దాచుకోవడానికి వెండి లేదు.