మెదడు ధమనులను కనిపెట్టియుండుట

ఎక్స్‌రే చిత్రములో ఎముకలు కనబడును గాని ధమనులు కనబడవు. రక్తమును, దానిచుట్టునున్న మెత్తని భాగములును ఇంచుమించు ఒకే విధముగా కిరణములను పోనిచ్చును గదా! కావుననే మెదడులో ధమని గోడ ఒకచోట బలహీనమై బుడగవలె ఉబ్బినను, అది పగులువరకు సాధారణముగా తెలిసెడిది కాదు. ఈ ఉబ్బునే వైద్యులు అన్యూరిజమ్ అందురు.

ఈ చిక్కును విడదీసినవాడు లిస్బన్ నగర వైద్యుడు ఈగాస్ మోనిజ్. కిరణములను అడ్డగించు ద్రావణమును మెడలోని ధమనిలోనికి ఎక్కించినచో మెదడు ధమనుల నీడ పడునని ఆయన ఊహించెను. మొదట కుక్కలపైన, కళేబరముల తలలపైన ప్రయోగములు జరిగెను. కీళ్లవాతముచే మోనిజ్ చేతులు చెడియుండుటవలన సూది పట్టినవాడు సహచరుడు అల్మైడా లిమా. స్ట్రాన్షియం బ్రోమైడు వాడినప్పుడు ఒక రోగి మరణించెను. ఈ మరణమును దాటవేసి విజయమును మాత్రమే చెప్పుట నాకు సమ్మతము కాదు. పిదప వారు సోడియం అయోడైడునకు మారిరి. 1927 జూన్ నెలలో జీవించియున్న మనుష్యుని మెదడు ధమనులు చిత్రములో కనబడెను. చిత్రమేమన, 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమానము వచ్చినది దీనికి కాదు. నేడు వైద్యులు విడిచిపెట్టిన ఒక మెదడు శస్త్రచికిత్సకు.

1931లో ఎడింబరోలో నార్మన్ డాట్, పగిలిన ఉబ్బును రోగి తొడనుండి తీసిన కండతో కప్పెను. 1937లో బాల్టిమోరులో వాల్టర్ డాండీ ఉబ్బు మొదట వెండి క్లిప్పు బిగించెను.

చిత్రములు పెరిగినకొలది కొత్త సందేహము పుట్టెను. కొందరిలో చిన్న ధమని పుట్టుచోట గరాటువలె వెడల్పుండును. గరాటు కొననుండియే ఆ శాఖ బయలుదేరును. 1959లో హాస్లర్, సాల్ట్జ్‌మన్ అనువారు దీనిని పరిశీలించిరి. 3 మిల్లీమీటర్లకు మించని ఈ వెడల్పు చాలవరకు నిరపాయకరము. అయినను ఏండ్లు గడచిన పిమ్మట కొద్దిమందిలో అదే నిజమైన ఉబ్బుగా మారినట్లు వైద్యపత్రికలలో నమోదైనది.

మరి కనబడిన ప్రతివానికిని పుర్రె తెరువవలెనా? 1998లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలన ప్రకారము, పూర్వము రక్తస్రావము లేనివారిలో 10 మిల్లీమీటర్లకు తక్కువైన ఉబ్బులు పగులుట ఏటికి 0.05 శాతమునకు లోపే. చికిత్సవలని అపాయమే అంతకంటె హెచ్చు! పరిశీలనలో చేరినవారు ఏరినవారని కొందరు ఆక్షేపించిరి. ఆ మాటలో బలము లేకపోలేదు. పగిలిన పిదప ఆసుపత్రికి వచ్చు ఉబ్బులలో చిన్నవియు పెక్కు గలవు.

అందుచే అనుమానమున్న చోటును కనిపెట్టియుండుటయు చికిత్సలో భాగమైనది. ఇందుకు ధమనిలో సూది గ్రుచ్చనక్కరలేదు, ఎం.ఆర్.ఐ. పరీక్ష చాలును. కొన్ని నెలలకో, ఏడాదికో మరల చిత్రము తీసి, పాతదాని ప్రక్కనుంచి కొలతలు పోల్చెదరు. ఈలోగా రక్తపోటును అదుపులో నుంచుమనియు, పొగ మానుమనియు రోగికి చెప్పుదురు. ఉబ్బు పెరిగినచో క్లిప్పు బిగించుటయో, 1990లో గుల్యెల్మి వాడుకలోనికి తెచ్చిన ప్లాటినం తీగచుట్టలతో దానిని నింపుటయో ఆలోచింతురు.