అరణంలో వెళ్లిన పిల్ల

కోడి కూసి గడియ కాలేదు. గడీ ముందు బండ్లు కట్టారు. రాత్రంతా వెలిగిన కందిళ్లు ఇంకా ఆరలేదు. పట్వారి జాబితా చదువుతుంటే జీతగాళ్లు ఒక్కొక్కటే పైకెత్తుతున్నారు.

"ఇత్తడి గంగాళాలు నాలుగు. పందిరి మంచం ఒకటి. సందుగలు రెండు. పాడి ఆవు, దూడ."

కొంచెం ఆగి, "పిల్ల ఒకటి" అన్నాడు.

పిల్ల ప్రహరీ గోడకు ఆనుకుని కూర్చుంది. పదేళ్లుంటాయి. ఎన్నడూ లేనిది ఆ పొద్దు తలకు నూనె పెట్టారు. కొత్త ముతక చీర చుట్టారు. గంజి గట్టిదనానికి నడుము దగ్గర ఒరుసుకుపోతోంది. గడప దాటి లోపలికి రావడానికి వీల్లేని తల్లి, బయటి నుంచే చెయ్యి చాపి బిడ్డ కొంగున జొన్న పేలాలు ముడివేసింది.

"పైలం బిడ్డా. దొరసాని లేవకముందే లెవ్వు. ఆమె తిన్నంకనే తిను. ఎవరేమన్నా ఎదురు మాట్లాడకు."

"మల్ల ఎప్పుడొస్తనే అవ్వా?"

తల్లి ముడిని ఇంకోసారి బిగించింది. జవాబు చెప్పలేదు.

లోపల ముత్తయిదువలు అప్పగింతల పాట ఎత్తుకున్నారు. పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. ఒంటి మీద గద్వాల చీర, నూలు నేతకు పట్టు అంచు కలిపినది. ఆ పెళ్లికూతురికీ పదమూడేళ్లు దాటి ఉండవు. ఆ మొగుణ్ని ఆమె అడగలేదు, ఆమెను ఎవరూ అడగలేదు. అయినా ఆమె కోసం పాట ఉంది. ఏడ్చేవాళ్లు ఉన్నారు. మొదటి పండక్కి పిలుచుకొచ్చే అన్నదమ్ములున్నారు. గోడ పక్క పిల్లకు ఆ మూడూ లేవు. బండి కదిలింది. పిల్ల ఆవు వెనక నడిచింది.

ఈ పిల్లకు నేను పేరు పెట్టలేదు. ఇది ఒక్కరి కథ కాదు. నిజాం పాలనలో నల్లగొండ, పాలమూరు గడీల నుంచి పెళ్లిబండ్ల వెంట నడిచిపోయిన ఆడపిల్లలందరినీ కలిపి అల్లిన దృశ్యం. వాళ్లను ఆడబాపలన్నారు, దాసీలన్నారు. కూతురికి అరణంగా నగలూ పశువులూ ఇచ్చినట్టే ఒక మనిషినీ ఇచ్చేవారు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతి దాపరికం లేకుండా రాశారు. కూతుళ్లకు పెళ్లి చేసేటప్పుడు దొరలు ఈ పిల్లలను వెంట పంపేవారనీ, అక్కడ వాళ్లు ఇంటి చాకిరీతో పాటు మగవాళ్ల కోరికలకూ బలయ్యేవారనీ.

ఆ కాలపు నల్లగొండ జిల్లాలో విసునూరు దేశ్‌ముఖ్ చేతి కింద 40 వేల ఎకరాలుండేవి. అంత భూమి ఉన్నచోట మనుషులు కూడా భూమితో పాటే లెక్కకొచ్చారు. కానీ ఒక్క భూమితోనే ఇది నడవలేదు. నడిపించిన మాట ఇంకొకటుంది: "నలుగురూ ఏమనుకుంటారు?" దాసిని పంపకపోతే వియ్యంకుల ముందు తక్కువవుతాం. ఫలానా గడీ వాళ్లు ఇద్దరిని పంపారు, మనం ఒక్కరినైనా పంపకపోతే ఎట్లా? పంపినవాడు తాను తప్పు చేస్తున్నాననుకోలేదు. పుచ్చుకున్నవాడూ అనుకోలేదు. అది ఆనవాయితీ. జాబితా చదివిన పట్వారికి ఆ రాత్రి నిద్ర పట్టే ఉంటుంది.

---

ఆ పిల్ల పెళ్లికూతురి అత్తవారింటి గడీలోకి అడుగుపెట్టాక ఏమైందో తెలుగు తెర మీద చూపించడానికి 1988 దాకా పట్టింది. 'మా భూమి' నిర్మించిన బి. నర్సింగరావు రాసి, తీసిన సినిమా 'దాసి'. కాలం 1920లు. పసితనంలోనే అమ్ముడుపోయిన కమలాక్షి, ఒక దొర కూతురి పెళ్లిలో అరణంగా, ఆ ఇంటి అల్లుడు జయసింహారావు గడీకి చేరుతుంది. అర్చన కమలాక్షి, భూపాల్ రెడ్డి దొర, రూప దొరసాని.

ఈ సినిమాలో కొరడా దెబ్బలు చూపించి ఏడిపించే ప్రయత్నం ఉండదు. మాటలే తక్కువ. అపూర్వ కిశోర్ బీర్ కెమెరా గడీ గోడల మధ్య కమలాక్షి పొద్దును ఓపికగా చూస్తుంది. ఊడ్వాలి, వడ్డించాలి, పిలిస్తే రావాలి. దొర పిలిచినా రావాలి, దొర ఇంటికొచ్చిన చుట్టం కోరినా వెళ్లాలి. అది కూడా వడ్డనలాంటిదే. ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచి పాపం చేయరు. ఎప్పుడూ జరిగేదే ఇప్పుడూ జరుగుతోంది. చూస్తున్న మనకు ఊపిరాడనిది ఆ మామూలుతనం చూసే.

కమలాక్షికి నెల తప్పుతుంది. పిల్లలు లేని దొరసాని ఉన్న గడీలో దాసి కడుపు పండకూడదు. ఆ బిడ్డ నిలిస్తే దొర రక్తానికి దాసి పోలిక వస్తుంది, నలుగురిలో పేరు పోతుంది. కమలాక్షి ఇష్టాన్ని ఎవరూ అడగరు. గర్భం తీయిస్తారు. ఆ ఘట్టంలో నా చూపు దొరసాని మీదకూ వెళ్తుంది. మొగుడి గది నుంచి వినిపించే చప్పుడును ఎన్ని రాత్రులు విన్నదో ఆమె. అతన్ని అడగలేదు, పుట్టింటికి పోలేదు. ఆ ఇంట్లో ఆమె అధికారం చెల్లేది ఒక్క కమలాక్షి ఒంటి మీదే. తన అవమానాన్ని అక్కడే తీర్చుకుంది. ఒకే పెళ్లిబండితో బయలుదేరిన ఇద్దరు పిల్లల్లో ఒకరిని ఇంకొకరికి శత్రువును చేసింది ఆ పెళ్లి.

36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 'దాసి' అయిదు గెలుచుకుంది. ఉత్తమ తెలుగు చిత్రం. అంతకు ముందటి ఏడాది 'వీడు'కు పొందిన అర్చనకు వరసగా రెండోసారి ఉత్తమ నటి. ఛాయాగ్రహణానికి బీర్, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం. అయిదోది దుస్తుల రూపకల్పనకు. అది నల్లగొండ జిల్లా మిర్యాలగూడ మనిషికి వచ్చింది. నాగార్జునసాగర్‌లో బడిపిల్లలకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు సుదర్శన్‌కు.

దాసి చీరకు జాతీయ బహుమతి ఏమిటని అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. రాజుకు వేషం కట్టడం తేలిక, జరీ మెరిస్తే సరిపోతుంది. దాసి చీరలో మెరిసేది ఏదీ ఉండదు. అది ఎన్నిసార్లు బండ మీద దెబ్బలు తిన్నదో, ఏ అంచు ముందు చిరిగిందో, ఒళ్లు వంచి ఊడ్చే మనిషి కొంగు ఎక్కడ దోపుకుంటుందో అన్నీ తెలిసి ఉండాలి. బట్ట మీదికి చూపు పోకుండా మనిషి బతుకు మీదికి పోవాలి. ఊళ్లలో ఆ చీరలు కట్టిన మనుషులను దగ్గరగా, మర్యాదగా చూసినవాడికే ఆ పని చేతనవుతుంది. సుదర్శన్‌కు చేతనైంది. ఆ తర్వాత జనం ఆయనను 'దాసి' సుదర్శన్ అన్నారు. పెద్ద గడీల్లో తిట్టుగా నడిచిన మాట మిర్యాలగూడ మాస్టారి పేరు ముందు గౌరవంగా నిలిచింది.

---

'దాసి' వచ్చిన 1988లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీలుగా ఆడపిల్లలను అర్పించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం అవసరం ఎక్కువగా ఉన్న చోట్లలో పాలమూరు ఒకటి. అక్కడ దళిత ఆడపిల్లను దేవత పేరు మీద జోగినిని చేసేవారు. తాళి కట్టించేవారు, ఊరంతా వచ్చేది. దేవతతో అయిన ఆ పెళ్లి తర్వాత ఆ పిల్ల ఊరి పెద్దలకు దక్కేది. ఆమెను ఇంకెవరూ పెళ్లాడకూడదు. పుట్టిన బిడ్డకు తండ్రి పేరు ఉండదు. గడీ పెళ్లిలో అరణం పేరుతో, గుడి దగ్గర మొక్కు పేరుతో జరిగినది ఒక్కటే. మేళతాళాలు ఉంటే, పదిమంది అక్షింతలు వేస్తే, ఏ అన్యాయమైనా శుభకార్యమైపోతుంది.

అక్షింతలు వేయనని అన్నవాళ్లు కూడా ఈ నేల మీదే పుట్టారు. తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం అలాంటి మనిషి. పదకొండేళ్ల వయసులో, వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ ఇచ్చిన పిలుపు విని తమ ఇంటి ధాన్యాన్ని తమ కింద పనిచేసేవాళ్లకే పంచింది. తర్వాత తుపాకి పట్టింది. సర్కారు ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టింది. ఆమె పెరిగిన లోకంలోనూ పట్వారి జాబితాలు ఉన్నాయి. వాటిలో మనిషిని కూడా లెక్కపెట్టినప్పుడు ఉలిక్కిపడటం ఆమెకు వచ్చింది. తరతరాల ఆనవాయితీని మార్చే పని ఒక పిల్ల తన ఇంటి ధాన్యపు గరిసె దగ్గర మొదలుపెట్టవచ్చని ఆమె చూపించింది. 2022 మార్చిలో కన్నుమూసే దాకా అదే మాట మీద నిలబడింది.

పోరాటం వెట్టిని తీసేసింది. గడీలు ఖాళీ అయ్యాయి. చాలావాటి గోడల మీద ఇప్పుడు రావిచెట్లు మొలిచాయి. కానీ ఏమనుకుంటారోనని అందరూ భయపడ్డ ఆ నలుగురు మాత్రం గడీ కూలినప్పుడు బయటపడి ఊళ్లలోకి, పట్టణాల్లోకి వచ్చి కాపురం పెట్టారు.

2018 సెప్టెంబరు 14. మిర్యాలగూడ. మధ్యాహ్నపు వెలుగు. ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుని ఒక గర్భిణి భర్తతో బయటికి నడుస్తోంది. ఇద్దరూ బడి నుంచీ ఎరిగినవాళ్లు. అతను దళితుడు. ఆమె కాదు. ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. వెనక నుంచి వచ్చిన మనిషి ఆమె కళ్ల ముందే అతన్ని నరికాడు. ఆ కత్తికి డబ్బిచ్చి పంపినవాడు ఆమె కన్నతండ్రి అని పోలీసులు తేల్చారు. తీర్పు రాకముందే, 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది.

ఆ తండ్రికి బిడ్డ మీద ప్రేమ లేదని నేననను. అతిగా ప్రేమించాడనే ఊరు చెప్పుకుంది. ఆ ప్రేమకంటే నలుగురి మాట బరువు తూగింది. అంతే తేడా. గడీలో దాసి కడుపును తీయించిన భయమూ, మిర్యాలగూడ వీధిలో కత్తి పట్టించిన భయమూ అక్కాచెల్లెళ్లు. ఎవరి రక్తం ఎవరి రక్తంలో కలుస్తుందో, అది చూసి నలుగురూ ఏమంటారో అన్న భయం. అందుకే 'దాసి'ని పాత కాలపు కథగా చూడటం నాకు చేతకావడం లేదు.

ఆ నలుగురు ఎవరో కాదు, మనమే. పెళ్లి పత్రిక చేతికిచ్చినప్పుడు "పిల్ల మనోళ్లేనా?" అని ముందుగా అడిగేది మనమే. కులం దాటి చేసుకున్న జంట గృహప్రవేశానికి పిలిస్తే తలనొప్పి అని ఆగిపోయేదీ మనమే. ఒక్క ఇంట్లో ఒక్కరు ఆ ప్రశ్న అడగకుండా, ఆ గడప దాటి వెళ్లి భోంచేసి వస్తే నలుగురిలో ఒకరు తగ్గినట్టు.

'దాసి' సుదర్శన్ 2024 ఏప్రిల్ 1న కన్నుమూశారు. ఆనాడు ఆవు వెనక నడిచిన పిల్లకు ఇంటిపేరు లేదు, ఆమె పేరును జాబితాలో ఎవరూ రాయలేదు. మిర్యాలగూడలో ఒక మాస్టారు ఆమెకు పడిన పేరును తన ఇంటిపేరులా చివరిదాకా మోశారు.