సుక్కూరు ఇసుక నుంచి కార్బన్ గొట్టాల దాకా

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు అనగానే అందరూ కృష్ణరాజసాగర ఆనకట్ట గురించే చెప్తారు. ఆయన మన చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలో 1861లో పుట్టారు. వాళ్ల ఇంటి భాష మన తెలుగే. నాకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని ఎక్కువ ఇష్టం.

1890లలో ఆయన బొంబాయి ప్రెసిడెన్సీ ఇంజనీరుగా సింధులోని సుక్కూరుకు వెళ్లారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. సింధు నది నీళ్లు బురద బురదగా ఉండేవి. వడపోత తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు చాల్లేదు. అప్పుడాయన ఒడ్డుకు దగ్గరగా నది అడుగులోనే బావి తవ్వించారు. నది నీరు ఇసుకలోంచి ఊరి బావిలోకి వచ్చేసరికి తేటపడింది. చిత్రావతి ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకున్న బాగేపల్లి అవ్వలకు ఇది కొత్త సంగతేం కాదు, కానీ ఒక పట్టణానికంతా అలా నీళ్లివ్వడం గొప్పే కదా!

ఇసుక బురదను ఆపుతుంది గానీ నీళ్లలో కరిగిపోయినదాన్ని ఆపలేదు. మన కష్టమంతా ఆ కరిగినదానితోనే. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపంతా భూమి కింద గ్రానైట్ రాయి. బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిసందుల్లో ఎన్నో ఏళ్లు నిలిచిన నీళ్లు పైకి వస్తాయి. వాటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. "మేం చెరువు నీళ్లు, బావి నీళ్లు తాగి పెరిగినాం. బోరు వచ్చినాంకనే ఈ మోకాళ్లు పట్టేసింది" అంటుంది మా అవ్వ. అది వయసు వల్లో నీళ్ల వల్లో డాక్టరే చెప్పాల. మా క్లాసులో కొందరి పళ్ల మీది గోధుమరంగు మచ్చలు మాత్రం అందరికీ కనిపిస్తాయి.

ఈ జబ్బును మన దేశంలో మొదట పట్టుకున్నది కూడా తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, సి.జి. పండిట్ తదితరులు నెల్లూరు జిల్లాలో దీన్ని గమనించి వైద్య పత్రికలో రాశారు. తర్వాత నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి కనిపెట్టింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. జబ్బు వల్ల ఊరికి పేరు రావడం ఎంత బాధ!

అమెరికాలో 1960 ప్రాంతంలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఒక పలుచని పొర తయారుచేశారు. గట్టిగా ఒత్తితే నీళ్లు పొరను దాటుతాయి, ఉప్పు వెనకే ఆగిపోతుంది. ఇదే రివర్స్ ఆస్మాసిస్, అంటే మనం ఆర్‌ఓ అంటామే, అది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా ఊళ్లో దీన్ని మొదటిసారి జనానికి నీళ్లివ్వడానికి వాడారు. ఆ ఊరివాళ్లు ఒకప్పుడు రైల్లో నీళ్లు తెప్పించుకునేవారు. మనకు ట్యాంకర్ ఎట్లో వాళ్లకు రైలు అట్ల! ఇప్పుడు మన పల్లెల్లో ఐదు రూపాయల బిళ్ల వేస్తే క్యాను నింపే ఘటకాల్లో ఉండేది ఆ పొర వంశమే.

దాని తర్వాతి తరం కార్బన్ నానోట్యూబ్. జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా 1991లో వీటి గురించి రాశాక ప్రపంచమంతా వీటివైపు చూసింది. 2004లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి ఈ గొట్టాలతో వడపోత గొట్టం చేసి నీళ్లలోని బాక్టీరియాను, పోలియో వైరస్‌ను ఆపారు. 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల 2 నానోమీటర్ల కన్నా సన్నటి గొట్టాలతో పొర చేసింది. లోపలి గోడ చాలా నున్నగా ఉండటంతో నీళ్లు లెక్కకన్నా వెయ్యి రెట్లకు పైగా వేగంగా జారాయి. అందుకే తక్కువ ఒత్తిడితో, తక్కువ కరెంటుతో ఉప్పు తీయొచ్చని ఆశ. కానీ ఫ్లోరైడ్ అయాన్ తన చుట్టూ నీటిని కప్పుకున్నా 1 నానోమీటరు కన్నా చిన్నదే, ఆ గొట్టంలో దూరిపోగలదు. 2008లో అదే ప్రయోగశాల గొట్టం మూతి దగ్గర రుణావేశం ఉంచి కొన్ని లవణాల్ని ఆపింది. ఫ్లోరైడ్‌కూ రుణావేశమే కాబట్టి దారి ఉందనిపిస్తుంది. లోపం లేని పెద్ద పొరను చవగ్గా చేయడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.

నాకు ఇంకో సందేహం. నేను చూసిన ఒక ఘటకం వెనక పైపులోంచి వదిలేసిన నీళ్లు కాలవలోకి పోతుంటాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. సముద్రం పక్కన ఊళ్లయితే ఉప్పునీళ్లు మళ్లీ సముద్రంలోకే పంపుతారు. మనకు ఉన్నది కాలవ, దాని పక్కన బోరు. గొట్టాల పొర వస్తే ఈ పైపు ఉండదా అని సైన్సు సార్‌ను అడిగాను. "ఉంటుంది. జల్లెడ ఏదైనా వేరు చేస్తుందే గానీ మాయం చేయదు. ఆ మిగిలినదాన్ని ఎక్కడ పోయాలో అప్పుడూ ఆలోచించాల్సిందే" అన్నారు.