గుట్ట మీది శాసనం నుంచి జోడేఘాట్ మ్యూజియం దాకా

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల గతంలో చాలా భాగం టికెట్ లేకుండా చూడగలిగేదే, ఎందుకంటే అది ఇప్పటికీ ఆరుబయటే ఉంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దంలో జినవల్లభుడు శాసనం వేయించాడు. ఇతడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. మనకు దొరికిన తొలి కందాల్లో ఇవి లెక్కకు వస్తాయి. పక్కనే జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలు. గుట్ట ఎక్కే ఓపిక ఉంటే చాలు, అంతటి సాహిత్య సంపద కళ్లముందుంటుంది.

పాత వస్తువులను ఒకచోట చేర్చి జనానికి చూపే పద్ధతి తర్వాతి కాలానిది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం 1759లో రుసుము లేకుండానే తలుపులు తెరిచింది. నిజాం రాజ్యంలో 1914లో గులాం యజ్దానీ నాయకత్వాన పురావస్తు శాఖ ఏర్పడింది, 1930లో హైదరాబాద్ బాగే ఆంలో మ్యూజియం వెలిసింది. కరీంనగర్‌కు ఆ అవకాశం చాలా ఆలస్యంగా దక్కింది. ఇక్కడి మ్యూజియానికి గాంధీ శతజయంతి పేరే పెట్టారు. ఆ శతజయంతి జరిగింది 1969లో.

ఆ తర్వాతి పదేళ్లు ఈ జిల్లా పురావస్తు చరిత్రలో అత్యంత ఫలవంతమైనవి. పురావస్తు శాస్త్రవేత్త వి.వి.కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో పెద్దబంకూరు, ధూళికట్ట తవ్వకాల్లో శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, బావులు, నాణేలు, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. గోదావరిలో పెద్దవాగు కలిసే కోటిలింగాలలో కథ మరింత ఆసక్తికరం. అక్కడ దొరుకుతున్న నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ శ్రద్ధగా సేకరించారు, వాటి మీది అక్షరాలను శాసన పరిశోధకుడు పరబ్రహ్మశాస్త్రి పరిష్కరించి ప్రకటించారు. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుని పేరున్న నాణేలు అందులో ఉండటంతో ఆ వంశపు తొలినాళ్ల మీద చర్చే మారిపోయింది. కొద్దిపాటి రాగి, సీసం ముక్కలు చరిత్రకారుల వాదాన్ని గోదావరి ఒడ్డుకు మళ్లించాయి. ఒక పల్లె తీరంలో ఏరిన నాణెం విలువ గ్రహించిన ఆ స్థానిక పండితుని పాత్రను తక్కువ చేయలేం.

ఇంకా పాతది ప్రాణహిత లోయ. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు 1970ల చివర్లో 12 డైనోసార్ల అస్థులను వెలికితీశారు. 1988లో పి.యాదగిరి ఆ డైనోసార్ జాతికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవున్న ఆ అస్థిపంజరం నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. 1977 నుంచి మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం జరుగుతోంది, ఆ రోజు ఎన్నో చోట్ల ప్రవేశం ఉచితం. అయినా హైదరాబాద్ వెళ్లి ఆ అస్థిపంజరాన్ని చూడాలంటే ప్రాణహిత ఒడ్డు బడిపిల్లకు టికెట్ కన్నా బస్సు చార్జీయే పెద్ద అడ్డు.

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నం కెరమెరి మండలం జోడేఘాట్‌లో జరిగింది. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగిన చోటే స్మారక మ్యూజియం కట్టి 2016లో ప్రారంభించారు. గోండు, కొలాం, తోటి, ప్రధాన్ తెగల జీవనాన్ని ఇది చూపుతుంది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి వర్ధంతికి వేలమంది ఆదివాసులు ఇక్కడికి వస్తారు. ఆ తిరుగుబాటు తర్వాతే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల అధ్యయనానికి పంపింది. మార్లవాయి కేంద్రంగా ఆయన తీసిన ఫోటోలు లండన్ సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి.