పేరును, ముఖమును కలిపిన వృత్తి

పటము వ్రాయుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. భాగవత కథలో ఉషాకన్య కలలో గాంచిన ప్రియుని గుర్తించుటకై చెలికత్తె చిత్రరేఖ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపినది. అనిరుద్ధుని పటము కంటబడగనే ఉష సిగ్గుతో తల వంచినది. అయినను ఆ పటములన్నియు రాజులవి. సేద్యగాని ముఖమును, వాని యింటి యిల్లాలి ముఖమును వ్రాయువాడు లేడు. వ్రాయించుకొను స్తోమతయు వారికి లేదు. సామాన్య కుటుంబము తన రూపమును తాను నిలుపుకొను భాగ్యము ఛాయాచిత్రకారుని అంగడి వలననే కలిగినది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ వృత్తి చరిత్రను పాఠక మహాశయులకు మనవి చేయదలచితిని. ఊరి లెక్కలు వ్రాయుచు కాలము గడుపు నాకు ఇదియు ఒక విధమగు దస్తరముల చరిత్రగనే తోచుచున్నది.

మన ప్రాంతపు దస్తరములనగనే సర్ థామస్ మన్రో జ్ఞప్తికి వచ్చును. 1800లో నిజాము ఈ మండలములను కుంపినీవారికి దత్తము చేసిన పిమ్మట, 1807 వరకు ఆయన ఇచట ప్రధాన కలెక్టరుగా నుండి పొలములు కొలిపించి, రైతువారీ పద్ధతికి పునాది వేసెను. పొలము ఎంత, పన్ను ఎంత, ఏ రైతుది అను వివరము లెక్కలలోని కెక్కినది. పిమ్మట మద్రాసు గవర్నరై, 1827 జూలై 6వ తేదీన, అప్పటికి బళ్లారి జిల్లాలోనిదైన మన పత్తికొండ యందే కలరా సోకి మరణించెను. ఆయనపై గల అభిమానముచే ఈ సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరని ప్రసిద్ధి.

ఆ మన్రోకు ఛాయాచిత్రము లేదు. ఫ్రాన్సు దేశమున నియెప్స్ అను నతడు తన కిటికీ నుండి కనబడు దృశ్యమును లోహపు పలకపై వెలుతురు చేతనే నిలిపినది 1826–27 ప్రాంతమున. ఆ విద్య ఇంకను తొట్టెలోనే యుండెను. మన్రో రూపము మనకు మిగిలినది చిత్రకారుల కుంచె వలనను, 1839లో మద్రాసున నిలిపిన అశ్వారూఢ విగ్రహము వలనను మాత్రమే. ఆ 1839లోనే కందనవోలు నవాబును కుంపినీవారు తొలగించి తిరుచినాపల్లికి పంపిరి. ఆ 1839లోనే పారిసు నగరమున డాగేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడియైనది. గవర్నరునకైనను కుంచెయు, కంచును గలవు. ఆయన లెక్కలలోని రైతునకో? పేరున్నది, ముఖము లేదు.

1856లో మద్రాసున ఛాయాచిత్రకారుల సంఘ మేర్పడెను. ఆ కాలముననే ప్రభుత్వపు ఛాయాచిత్రకారుడగు లిన్నియస్ ట్రైప్ దక్షిణ దేశపు దేవాలయములను, కోటలను చిత్రించెను. ఇరువదేండ్లకు 1876–78 నాటి మహాక్షామము వచ్చెను. ఆ క్షామమున మిక్కిలి నష్టపడిన జిల్లాలలో మనది ఒకటి. మద్రాసు సైన్యమున అధికారి యగు హూపర్ కరవు పీడితులను గుంపులుగా కూర్చుండబెట్టి పటములు తీసెను. ఎముకల గూళ్లవలె నున్న తల్లులు, బిడ్డలు ఆ పటములలో నేటికిని కనబడుదురు. చూచుటకు అవియు కుటుంబ చిత్రములవలెనే యున్నవి. కాని వారు తమ యిష్టముచే వచ్చి కూర్చుండినవారు కారు. వారి పేర్లను ఎవరును వ్రాసి పెట్టలేదు. ఇచట ముఖమున్నది, పేరు లేదు.

ఈ రెంటిని కలిపినది రుసుము పుచ్చుకొని, చెప్పిన దినమునకు పటము చేతికిచ్చు వృత్తికాడు. మన తెలుగు సీమలో ఆ వృత్తిని కుటుంబ వ్యాపారముగ నడిపినవారిలో మొదట ఎన్నదగినవాడు సికింద్రాబాదున అంగడి పెట్టిన రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ కళాశాలలో చదివి, 1866లో ఇందూరు పబ్లిక్ వర్క్సు కచేరీలో నక్షాలు గీయుచు, అంచనాలు వేయు ఉద్యోగమున చేరెను. అనగా ఆయనయు మొదట లెక్కలవాడే. 1874లో ఛాయాచిత్ర విద్య నభ్యసించి, 1880ల దశకమున ఉద్యోగమును విడిచి, సికింద్రాబాదున స్థిరపడెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగ నియమించి, 1894లో ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుదమిచ్చెను. కుమారులు జ్ఞాన్‌చంద్, ధర్మచంద్ లిరువురును వ్యాపారమున పాలుగొనిరి. 1896లో బొంబాయిలో మరియొక శాఖ వెలసెను.

ఆనాడు ఈ పని ఎంత కష్టసాధ్యమో నేటివారికి తెలియదు. తడి పలక పద్ధతిలో గాజు పలకపై మందు పూసి, అది ఆరకముందే పటము తీసి, ఆరకముందే చీకటి గదిలో కడుగవలెను. 1880 ప్రాంతమున పొడి పలకలు బజారునకు వచ్చుటతో ఆ తొందర తప్పెను. విద్యుద్దీపములు లేని అంగళ్లకు సూర్యుడే దీపము; కావున గాజు కప్పు గల గది కట్టి, తెరలతో వెలుతురును దిద్దుకొనెడివారు. కూర్చున్నవారు కదలకుండుటకై తల వెనుక ఇనుప ఆనిక నుంచెడివారు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ఎండలో ముద్ర తీసి, బంగారపు ద్రవమున ముంచి రంగు నిలిపి, గట్టి అట్టకు అంటించి యిచ్చెడివారు. ఇంతకును వ్యాపారపు మూలధనము పటము కాదు, గాజు పలక. దానికి సంఖ్య వేసి భద్రపరచినచో పదియేండ్లకైనను మరల ప్రతి తీయవచ్చును.

రెండవ మూలధనము గృహస్థుల నమ్మకము. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గదా! దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీల కొరకే ప్రత్యేకముగ జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. అందు పని చేయువారును స్త్రీలే. గృహస్థుల మర్యాదకు భంగము రాని చోటు చూపినగాని వారు గడప దాటరని ఆయన యెరిగెను. దర్బారు పటములు ఆయనకు కీర్తి దెచ్చిన మాట నిజమే; కాని దర్బారు ఒక మనిషి ఆయువుపై నిలుచునది. 1904లో ధర్మచంద్, 1905లో దీన్‌దయాళ్, 1911లో మహబూబ్ అలీఖాన్ గతించిరి. జ్ఞాన్‌చంద్ వ్యాపారమును నడిపినను పూర్వ వైభవము తగ్గినది. అయినను వంశీయులు గాజు పలకలను పారవేయలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వారు 2,857 పలకలను సేకరించి భద్రపరచిరి. 2006లో తపాలాశాఖ ఆయన పేర బిళ్ల వెలువరించినది. ఒక కుటుంబము కాపాడిన పెట్టెలే నేడు దేశచరిత్రకు ఆధారములైనవి.

చిన్న పట్టణముల అంగళ్లును ఈ బాటనే నడచినవి. వనమో, మేడయో వ్రాసిన తెర, చేతుల కుర్చీ, పూలకుండీ బల్ల, మూడుకాళ్ల పెట్టె, నల్లగుడ్డ: ఇదియే సామగ్రి. తండ్రి పటము తీయగా కొడుకు చీకటి గదిలో కడుగును. ఇంటివారు అంచులు కత్తిరించి అట్టల కంటింతురు. పెండ్లిండ్ల మాసములే పంట. తక్కిన కాలమున గుర్తింపు కార్డుల బిళ్ల ఫోటోలతో పొట్ట గడుచును. ఫోటో తీసినచో ఆయువు తగ్గునని బెదరిన ముసలివారు, మనుమల బలవంతముచే ఒక్కసారి కూర్చుండిన పటమే నేడు పూలదండతో గోడపై నున్నది. ఇప్పుడు ప్రతి చేతను సెల్‌ఫోను గలదు. పటములు వేలు, అచ్చువేయించి నిలుపునవి స్వల్పము. అంగడి మూతబడినచో నెగెటివుల డబ్బాలు పాత సామానుతో పోవుచున్నవి.

కావున మన గ్రంథాలయ సభ్యులకు నా విన్నపము. ఇంటనున్న పాత పటములను దింపి, వెనుక అట్టపై మెత్తని పెన్సిలుతో ఎడమ నుండి కుడికి వరుసగ పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. అద్దమునకు అంటుకొనిన పటమును బలవంతముగ లాగకుడు. తడి గోడకు తగిలింపకుడు. గ్రంథాలయము ఒక బీరువాను ఇందులకై కేటాయించి, పటములకు ప్రతులు తీయించి, సంఖ్యలు వేసి, పుస్తకములవలె పట్టికలో చేర్చుట మంచిది. మూసివేయు స్టూడియోల యజమానులు నెగెటివులను ఇచటికి చేర్పించిన ఊరికి మహోపకారము చేసినవారగుదురు. పేర్లు చెప్పగల వృద్ధులు మనమధ్య నుండగనే ఈ పని జరుగవలెను. వారు వెడలిన పిమ్మట మన తాతల పటములును ఆ కరవునాటి పటములవలె, ముఖముండి పేరు లేనివగును.