టెకోపా వేడినీటి బుగ్గలు

టెకోపా వేడినీటి బుగ్గలు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఇన్యో కౌంటీ ఆగ్నేయపు కొనయందు, మొహావీ ఎడారిలో, డెత్ వ్యాలీ యను పేర ప్రసిద్ధమైన మృత్యులోయకు చేరువను, అమర్గోసా నదీతీరమున నేలనుండి ఎల్లకాలము పైకుబుకుచుండు ఉష్ణజలముల సముదాయము. వీని నాశ్రయించి వెలసిన టెకోపా పల్లె 2010 జనాభా లెక్కలలో 150 మందికి మాత్రమే నివాసము. అయినను శీతకాలము వచ్చినంతనే మంచుదేశములనుండి వృద్ధదంపతులు ఇంటివంటి మోటారుబండ్లలో తరలివచ్చి, రుసుము చెల్లించి, నెలల తరబడి ఇచ్చట విడిసి, కీళ్ల నొప్పులకు ఉపశమనముగ దినమునకు రెండుమూడు మార్లు ఈ నీట మునుగుట పెక్కు దశాబ్దములుగ సాగుచున్న ఆచారము. దక్షిణమున బేకర్ పట్టణము సుమారు 50 మైళ్ల దూరమున నున్నది. తూర్పున లాస్ వేగస్ అంతకంటె దూరము. నడుమ చౌడునేలలు, బోడికొండలే మిక్కుటము.

అమర్గోసా యన స్పానిష్ భాషలో చేదైనదని యర్థము. నెవాడా రాష్ట్రమున బీటీ పట్టణ ప్రాంతమున పుట్టి, తొలుత దక్షిణమునకు సాగి, పిమ్మట పశ్చిమమునకును ఉత్తరమునకును మరలి, సముద్రమట్టమునకు 282 అడుగుల దిగువనున్న బ్యాడ్‌వాటర్ పల్లమువైపు నడచు ఈ నది, సుమారు 185 మైళ్ల తన గమనమున అధికభాగము ఇసుకక్రింద అంతర్వాహినియై యుండును. అది నేలపైకి వచ్చి కంటికి కనబడు కొలది తావులలో టెకోపా యొకటి. తెల్లని చౌడు పొరల నడుమ, పచ్చని తుంగపొదలతో, ఆవిరులు గ్రమ్ము నీటిపాయలతో నుండు ఈ తావును శీతకాలపు వేకువను చూచినవారు మఱవజాలరు.

బుగ్గల వేడిమికి సమీపమున ఏ అగ్నిపర్వతమును కారణము గాదు. పూర్వకాలమున దూరపు కొండలపై కురిసిన వానయు మంచును రాతిబీటలగుండ మిక్కిలి లోతునకు దిగి, భూగర్భోష్ణముచే కాగి, నేలపొరలు విఱిగి జాఱిన భ్రంశరేఖల వెంట తిరిగి పైకెక్కుటయే యీ ఉష్ణజలముల జన్మకథ. నీరు 40 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడితో వెలికి వచ్చును. అందు సోడియపు లవణములు, బోరాన్ మొదలగునవి కరగియుండుటచే మేనికి నునుపుగ, జిడ్డుజిడ్డుగ తగులును. స్నానమునకు హితమైన యీ జలము పానమునకు పనికిరాదు. ఆర్సెనిక్, ఫ్లోరైడులు ఇందు హద్దుమీఱి యున్నవి. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిన జనులను నల్లగొండ సీమలో చూచిన తెలుగువారికి ఈ మాటకు వేఱు వ్యాఖ్య యక్కఱలేదు. టెకోపావాసులు త్రాగునీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి పట్టి తెచ్చుకొందురు.

ఇప్పుడు పల్లె యున్న పల్లమంతయు ఒకప్పుడు సరస్సు. భూశాస్త్రజ్ఞులు దానిని టెకోపా సరస్సని వ్యవహరింతురు. అది యెండిన పిదప మిగిలిన బంకమట్టి దిబ్బలలో, ఇరువది లక్షల సంవత్సరములకు పూర్వము యెల్లోస్టోన్ అగ్నిపర్వతమునుండి గాలిలో కొట్టుకొనివచ్చి పడిన బూడిద పొర మొదలు పెక్కు పొరలు నేటికిని గుర్తింపదగియున్నవి.

మనుష్యులు ఈ తావున వేలయేండ్లుగ సంచరించిరి. దక్షిణ పయూట్, షోషోనీ తెగలవారు రోగులను ఇచ్చటకు తోడ్కొనివచ్చి స్నానము చేయించెడివారు. పల్లెకు పేరిచ్చిన టెకోపా దక్షిణ పయూట్‌ల నాయకుడు. తన జనుల భూములపైకి గనికార్లును వలసవాండ్రును వెల్లువవలె వచ్చిపడిన కాలమున, రక్తపాతము కంటె సంధియే మేలని యెంచి, ఉభయపక్షముల గౌరవమును పొంది, 1904లో మరణించెను. నెవాడాలోని పహ్రంప్‌లో నాయన సమాధి కలదు. బుగ్గలను విడిచిపెట్టునపుడు, ఈ నీరు ఎల్లవారికిని వెల లేక అందవలెనని యాతడు షరతు పెట్టెనని యొక వాడుక స్థానికులలో కలదు. వ్రాతపత్రమేదియు దీనికి ఆధారముగ చూపబడదు గాని, మాట మాత్రము గంభీరమైనది.

బాటసారుల చరిత్ర 1829-30 శీతకాలమున ఆంటోనియో ఆర్మిహో సార్థవాహులను నడిపించి న్యూమెక్సికోనుండి లాస్ ఏంజిలస్‌కు పోవుచు అమర్గోసా వెంట సాగుటతో మొదలగును. పిమ్మట ఈ దారియే పాత స్పానిష్ మార్గమని ప్రసిద్ధి కెక్కెను. టెకోపాకు తూర్పున కొలది మైళ్లలో నున్న రెస్టింగ్ స్ప్రింగ్ అను మంచినీటి చెలమ ఆ దారిని పోవువారికి విశ్రాంతిస్థలము. 1844 ఏప్రిల్ చివర జాన్ చార్లెస్ ఫ్రీమాంట్ తన యన్వేషక బృందముతో ఆ చెలమ కడకు చేరునప్పటికి, గుఱ్ఱముల కొఱకు జరిగిన దాడిలో హతులైన మెక్సికన్ ప్రయాణికుల కళేబరములు అచట పడియుండెను. దాడినుండి తప్పించుకొని వచ్చిన పాబ్లో హెర్నాండెజ్ అను బాలుని దుఃఖమునకు చలించి ఫ్రీమాంట్ ఆ చెలమకు హెర్నాండెజ్ పేరుంచెను. 1845లో అచ్చైన ఫ్రీమాంట్ నివేదికవలన ఈ మారుమూల చదువరుల యెఱుకకు వచ్చెను.

1870ల నడుమ సమీపపు కొండలలో వెండి, సీసపు గనులు బయల్పడగా, జె. బి. ఆస్బోర్న్ అను గని వ్యాపారి తన శిబిరమునకు టెకోపా నాయకుని పేరు పెట్టెను. తరువాతి దశాబ్దమున విలియం టెల్ కోల్మన్ వెలిగారపు పరిశ్రమను ఇచ్చటికి తెచ్చెను. మృత్యులోయలోని ఆతని హార్మొనీ కర్మాగారమున వేసవి యెండలకు వెలిగారపు ద్రవము చల్లబడి స్ఫటికములుగ గట్టిపడకుండుటచే, కొంత మెట్టయై చల్లనైన అమర్గోసా తీరమున మఱియొక కర్మాగారమును నెలకొల్పి వేసవి పని యచట సాగించెను. ఇరువది పశువులు పూన్చిన కంచరగాడిదల బండ్ల కథ ఆ కాలపుదే. టోనోపా-టైడ్‌వాటర్ రైలుమార్గము 1905లో లడ్లో నుండి మొదలై 1907 నాటికి టెకోపా మీదుగ నెవాడా చేరెను. ఖనిజము తఱిగి 1940లో రైళ్లు నిలిచెను. యుద్ధకాలమున పట్టాలను పెఱికివేసిరి. పట్టాలు పోయినచోట మోటారుబాటలు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బండి గలిగిన ప్రతి కుటుంబమునకును ఎడారి సులభగమ్యమయ్యెను. బుగ్గలు వ్యాపారవస్తువగుట దీని వెనువెంటనే జరిగినది.

ఇచ్చట ఒక చేపను గూర్చి సవిస్తరముగ చెప్పవలసియున్నది.

మృత్యులోయ ప్రాంతమున మహాసరస్సులు ఎండిపోయినపుడు, వానిలోని చేపలు ఒండొంటికి దూరమైన చెలమలలో చిక్కుకొని, వేలయేండ్లలో ఎచ్చటివి అచ్చటి నీటికి తగినట్లు మాఱిపోయినవి. కుక్కపిల్లలవలె ఒకదాని నొకటి తఱుముకొనుచు ఆటలాడుటచే వీనికి పప్‌ఫిష్ అని పేరు. టెకోపా ఉత్తర, దక్షిణ బుగ్గలనుండి వెడలు రెండు పాయలలో మాత్రమే బ్రదికిన ఒక ఉపజాతిని మిషిగన్ విశ్వవిద్యాలయ పండితుడైన రాబర్ట్ రష్ మిల్లర్ 1948లో శాస్త్రీయముగ వర్ణించి, వెచ్చని యను నర్థముగల లాటిన్ పదముతో కాలిడే యని నామకరణము చేసెను. అంగుళము, అంగుళమున్నర పొడవున్న ఈ చిన్ని చేప, సామాన్యముగ చేపలు చచ్చిపోవు వేడిలో, సుమారు 43 డిగ్రీల దాక, నాచు మేయుచు సుఖముగ తిరుగాడెడిది. జీవప్రకృతి యొక్క సహనశక్తికి ఇంతకంటె అందమైన నిదర్శనము అరుదు.

1950లనుండి బుగ్గలపై స్నానశాలలు, బండ్లు నిలుపు తావులు, విడిదులు పెరుగసాగినవి. మూలమునుండి దూరమగుకొలదియు పాయలోని నీరు క్రమముగ చల్లబడుచు, చేప గ్రుడ్లు పెట్టుటకును పిల్లలు పెరుగుటకును అనువైన వెచ్చని మడుగులను ఏర్పఱచుచుండెను. 1965లో స్నానశాలల సౌకర్యార్థము రెండు పాయలను కలిపి యొకే కాలువగ త్రవ్విరి. నీటి వడి హెచ్చెను. వేడినీరు చల్లారకయే దిగువ కంటె దిగువకు పోయెను. చల్లని మడుగులు మాయమయ్యెను. దీనికి తోడు దోమలను మ్రింగుటకని తెచ్చిన గాంబూసియా చేపలును, బ్లూగిల్ అను పరాయి చేపలును పాయలలో చేరినవి. దిగువ అమర్గోసా నదిలోని దాయాది పప్‌ఫిష్‌లు పైకి వచ్చి కలిసిపోవుటచే మిగిలిన కొలదిపాటి వంశమును సంకరమయ్యెను. ఎవరును ఈ చేపను చంపవలెనని తలపలేదు. కాలువ త్రవ్వినవారు నొప్పులతో వచ్చినవారికి మేలు చేయుచున్నామని నమ్మినవారే.

1970లో ప్రభుత్వము దీనిని విలుప్తప్రాయ జీవుల పట్టికలో చేర్చునప్పటికే ఆలస్యమైయుండెను. ఆ సంవత్సరము తరువాత చేప యెవ్వరి కంటను పడలేదు. పరిశోధకులు చుట్టుప్రక్కల నలువదికి పైగా తావులలో వెదకిరి, దొరికినవన్నియు దాయాదులే. 1973 నాటి జీవజాతుల రక్షణశాసనము వచ్చిన పిమ్మట, నశించినదను కారణముచే పట్టికనుండి తొలగింపబడిన మొదటి జీవి టెకోపా పప్‌ఫిష్. 1981లో ప్రకటించి 1982 జనవరిలో తొలగించిరి.

ఎడారి చేపలను కాపాడు యత్నములు ఈలోగానే మొదలైనవి. 1969లో మృత్యులోయలో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఎడారి మత్స్యపరిషత్తును స్థాపించిరి. ఎగువనున్న ఆష్ మెడోస్‌లో డెవిల్స్ హోల్ అను రాతిగుంటలో మాత్రమే బ్రదుకు మఱియొక పప్‌ఫిష్ కొఱకు, ప్రక్కపొలములవారు భూగర్భజలమును తోడివేయరాదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగ తీర్పు చెప్పెను. టెకోపాకు ఎనిమిది మైళ్ల యెగువన షోషోనీ పల్లెలో, నశించినదని యెంచిన ఇంకొక ఉపజాతి 1986లో ఒక చిన్న కాలువలో తిరిగి కనబడగా, ఆ గ్రామస్థులు వానికి కుంటలు త్రవ్వి శ్రద్ధతో పెంచుచున్నారు.

బేకర్‌కు దక్షిణమున, సోడా పొడిసరస్సు ఒడ్డున నున్న సోడా స్ప్రింగ్స్ చరిత్ర టెకోపా కథకు సరిగ విలోమము. 1944లో కర్టిస్ హౌ స్ప్రింగర్ అను రేడియో బోధకుడు గని హక్కు పేర అచ్చటి ప్రభుత్వ భూమిని ఆక్రమించి, ఇంగ్లీషు నిఘంటువులో చిట్టచివరి మాటగ నుండునట్లు జైజిక్స్ అని పేరు కల్పించి, ఖనిజస్నానముల ఆరోగ్యాశ్రమమును నడపెను. అచ్చటి చెలమ నీరు వేడిది కాదు. కాచి తొట్లలో నింపెడివారు. మందుల ప్రచారములో అసత్యములాడినందులకు ఆతనికి శిక్ష పడెను. 1974లో ప్రభుత్వము ఆతనిని అచటినుండి వెడలగొట్టెను. 1976 నుండి అది కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయముల ఎడారి పరిశోధనకేంద్రము. అచ్చటి కొలనులో నేటికిని మొహావీ ట్యూయి చబ్ అను అరుదైన చేప క్షేమముగ నున్నది. సత్యమైన ఉష్ణజలమున్న చోట చేప గతించుటయు, వేడి కల్పితమైన చోట చేప మిగులుటయు చరిత్రకారుడు తప్పక గమనింపదగిన విషయము.

నేడు టెకోపాలో కౌంటీకి చెందిన స్నానశాలయు, ప్రైవేటు విడిదులును రుసుము గొని నడచుచున్నవి. కౌంటీ స్నానశాల నిర్వహణయు గుత్తకు తీసికొన్నవారి చేతిలోనిదే. అచ్చట స్త్రీపురుషులకు వేఱువేఱు మడుగులు కలవు. ముందుగ ఒడలు కడుగుకొని, వివస్త్రులై దిగుట పూర్వమునుండియు వచ్చుచున్న నియమము. మడుగున మాటలు మెల్లగ సాగును. గనిలో పనిచేసిన ముసలివాడును, నగరమునుండి వచ్చిన యధికారియు, బట్టలతోపాటు హోదాలను గూడ గట్టుననే విడిచి, ఒకే నీట గూర్చుందురు. ప్రైవేటు విడిదులలో కుటుంబమునకు ప్రత్యేకమైన గదులు దొరకును. అక్టోబరు మొదలు ఏప్రిల్ దాక యాత్రికుల కాలము. వేసవి పగలు ఎండ 45 డిగ్రీలు దాటునపుడు పల్లె దాదాపు నిర్జనమగును. 2009లో అమర్గోసా నదిలో షోషోనీకి దిగువనున్న 26 మైళ్ల భాగము జాతీయ సహజనదిగ శాసనబద్ధమయ్యెను.

బుగ్గల నీరు దిగువకు పాఱి పెంచిన తుంగపొదలలో అమర్గోసా వోల్ అను చిట్టెలుక బ్రదుకుచున్నది. ఇరువదియవ శతాబ్దపు తొలినాళ్లలో నశించినదని తలపబడి, 1970లలో తిరిగి కనబడి, 1984లో రక్షితజీవుల పట్టిక కెక్కిన ఈ జీవికి, ఈ చిత్తడినేలలే దిక్కు. 2014 నుండి డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు వీనిని సంరక్షణలో పెంచుచున్నారు. కొన్నింటిని షోషోనీ చిత్తడిలోను విడిచిరి. టెకోపాలో మాత్రము అవి తుంగ మొదళ్ల యందు, బుగ్గలనుండి వచ్చు వెచ్చని నీటి యంచున, యథాపూర్వముగ గూళ్లు కట్టుకొనుచున్నవి.